తిరుపతిలో పూలకి తోటకెళ్లాలా, మార్కెట్టుకెళ్లాలా: ఏది మేలు?

ఇంట్లో సీమంతమో గృహప్రవేశమో ఉందంటే చాలు, ఈ మధ్య ఎవరో ఒకరు అనేస్తున్నారు, "మార్కెట్లో ఎందుకు, కుప్పం సైడు తోటకే పోయి కోసుకొచ్చుకుందాం, ఫొటోలు కూడా బాగా వస్తాయి" అని. రీల్స్ చూసి చూసి అందరికీ ఆ పసుప్పచ్చ మళ్ల మధ్య నిలబడాలనిపిస్తోంది, తప్పేం లేదు, నాకూ ఇష్టమే. కానీ గుమ్మానికి కట్టుకోవడానికి, దేవుడి గదికి, హాల్లో ఇత్తడి గంగాళం నింపడానికి నిజంగా ఏ దారి మేలు అని అడిగితే మాత్రం నా జవాబు చోటుని బట్టి ఉండదు, పువ్వుని బట్టి ఉంటుంది. బంతి, చామంతి బాగా ఎక్కువగా కావాలంటే తోట. మల్లె, కనకాంబరం అయితే మార్కెట్టు, లేదంటే మీ వీధిలోకొచ్చే పూలామె. గులాబీ దగ్గర రెండు వైపులా వాదించొచ్చు. మార్కెట్టే బెస్ట్ అనేవాళ్లూ, తోటే బెస్ట్ అనేవాళ్లూ ఇద్దరూ ఏదో ఒక పువ్వుని మనసులో పెట్టుకుని మొత్తానికి తీర్పు చెప్పేస్తున్నారు, గొడవంతా అక్కడే.

ముందు దూరం లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే సగం మంది ఇక్కడే ఆగిపోతారు, ఆగిపోవడం మంచిదే కూడా. పాత చిత్తూరు జిల్లాలో పూలతోటలు అనగానే పడమటి మండలాల పేర్లే చెప్తారు: పలమనేరు, వి.కోట, శాంతిపురం, రామకుప్పం, గుడుపల్లె, కుప్పం. తిరుపతి టౌను సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి 600 మీటర్ల పైకి వెళ్లిపోతాం, అక్కడి గాలే వేరు. చామంతికీ గులాబీకీ కావాల్సింది ఆ చల్లదనమే, తిరుపతి ఎండలో మే నెలలో వాటిని పెంచుతానంటే కుదిరే పని కాదు. పైగా అటు కర్ణాటక, ఇటు తమిళనాడు, రెండు సరిహద్దులూ పక్కనే, కాబట్టి కోసిన పువ్వు బెంగళూరు పోవాలా, హోసూరు, కృష్ణగిరి వైపు పోవాలా, కిందకి చిత్తూరు, తిరుపతి దిగాలా అన్నది ఆ రోజు రేటుని బట్టి తేలుతుంది.

తిరుపతి నుంచి కుప్పం సుమారు 170 కిలోమీటర్లు. రానూపోనూ 340. లీటరుకి 17 ఇచ్చే కారైతే 20 లీటర్ల పెట్రోలు, అంటే రెండు వేలు దాటేసింది, టోల్ వేరే, దారిలో టిఫిన్లు వేరే. తోటలో కేజీ బంతి మన మార్కెట్టు కన్నా 40 రూపాయలు తక్కువకి దొరికిందనుకుందాం, ఆ పెట్రోలు ఖర్చు రావాలంటే 55 కేజీలు కొనాలి. 55 కేజీల బంతి అంటే ఎంతో తెలుసా, కారు వెనక సీటు కనబడదు. కాబట్టి "తోటలో చీప్" అన్న మాట పట్టుకుని బయల్దేరితే మాత్రం దండగ. చిత్తూరు వాళ్లకి కుప్పం సుమారు వంద కిలోమీటర్లే, పలమనేరైతే ఇంకా దగ్గర, వాళ్ల లెక్క వేరు. పలమనేరులోనే ఉండేవాళ్లకి అసలు ఈ చర్చే అనవసరం, పొద్దున్నే స్కూటర్ తీస్తే టిఫిన్ వేళకి ఇంటికొచ్చేస్తారు.

మరి తిరుపతి నుంచి ఎందుకెళ్లాలి? రేటు కోసం కాదు, మొగ్గ ఎంచుకోవడానికి. మార్కెట్టులో మనకి దొరికే చామంతి నిన్న సాయంత్రమో తెల్లవారుజామునో కోసింది, గోతాంలో కుక్కారు, మండీలో దింపారు, తూకం వేశారు, ఇంకో బండెక్కింది, ఇక్కడి మండీలో మళ్లీ దిగింది, అక్కడ్నించి చిల్లర అమ్మే అక్క బుట్టలోకి వచ్చింది. పువ్వు కోశాక కూడా శ్వాస తీసుకుంటూనే ఉంటుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే లోపలే ఉండిపోతుంది. నమ్మకం లేకపోతే కొత్తగా దిగిన చామంతి మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడండి, మధ్యలో వెచ్చగా తగులుతుంది. పైన ఉన్న పువ్వులు చూసి మురిసిపోతాం గానీ రెండో రోజుకే అడుగున నల్లబడి రెక్కలు ఊడిపోయేవి ఆ మధ్యలోవే. తోటలో మీరే కోసుకుంటే ఈ ప్రయాణమంతా తప్పుతుంది, గాలి తగిలేలా వెదురు తట్టల్లోనో ప్లాస్టిక్ క్రేట్లలోనో వేసుకుని వస్తే అదే చామంతి ఇంట్లో ఇంకో మూడు నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

కోయడం కూడా ఊరికే లాగేయడం కాదు. తోటలో పనిచేసే ఆడవాళ్లని గమనించండి, బొటనవేలి గోరు పువ్వు కింద తొడిమకి ఆనించి చూపుడు వేలితో ఒక్క నొక్కు, టక్కున తెగుతుంది, మొక్క కదలను కూడా కదలదు. మనం కోస్తే కొమ్మంతా ఊగుతుంది, పక్కనున్న రెండు మొగ్గలు రాలతాయి, రైతు మొహం మాడిపోతుంది. "మీరు కోసుకోండి సార్, ఫరవాలేదు, ఆ చివర సాళ్లు మాత్రం ముట్టుకోవద్దండి, అవి పండక్కి పెట్టుకున్నా" అని మర్యాదగా చెప్తారు. ఆ చివర సాళ్లు ఎందుకు వదలాలో అర్థం చేసుకోవాలి. ఆ పూల మీద మండీ వాళ్ల దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు, పండగ ముందు రోజు అన్ని కేజీలూ అక్కడ వెయ్యకపోతే వచ్చే పంటకి డబ్బు పుట్టదు. తోటకెళితే రైతు కావాల్సినంత అమ్ముతాడు అని మనం అనుకుంటాం గానీ పండగ వారంలో ఆయన చేతిలో అమ్ముకోవడానికి పెద్దగా మిగలదు.

ఇక్కడ ఎవరూ చెప్పని ఇంకో చిక్కుంది. మన వైపు బంతి, చామంతి తోటలన్నీ విడిపూలకి వేసినవి. దండకి, పూజకి, తూకానికి. కాడతో సహా కోసి ఇమ్మంటే ఇవ్వరు, ఇవ్వలేరు కూడా, ఎందుకంటే ఆ కొమ్మ మీద ఇంకా కోతలు ఉన్నాయి, మీరు కాడ కోసుకుంటే వాళ్లకి రావాల్సిన పది పూలు పోయినట్టే. ఫ్లవర్ వాజులో పొడుగ్గా నిలబెట్టుకోవాలని ఆశపడి వెళ్లినవాళ్లు ప్లాస్టిక్ కవర్ నిండా తలలు మాత్రమే తెచ్చుకుంటారు. కాడలు కావాలంటే రెండు దారులు. ఒకటి, కాడపూల కోసమే వేసిన పాలీహౌసులు, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన తోటలు, అక్కడ గులాబీలు 20 కలిపి ఒక కట్ట, జెర్బెరాలు 10 కలిపి ఒక కట్ట చేసి అమ్ముతారు. కానీ అక్కడ మనల్ని లోపలికి పోనివ్వరు, చెప్పులతో తెగుళ్లు మోసుకొస్తామని వాళ్ల భయం, అది న్యాయమే. ముందు ఫోన్ చేసి ఎన్ని కట్టలు కావాలో చెప్తే గేటు దగ్గర ఇస్తారు, అంతే, ఫొటోల మోజు ఉన్నవాళ్లకి ఇది ఆనదు.

రెండో దారి నాకు చాలా ఇష్టమైంది: తోట తీసేసే ముందు వెళ్లడం. చామంతి చివరి కోతలకి వచ్చేసరికి పువ్వు చిన్నదైపోతుంది, కూలి గిట్టదు, ఇంకో వారంలో దున్నేస్తారు. ఆ టైములో అడిగితే "కావాల్సినన్ని కొమ్మలు కోసుకోండక్కా, ఎట్టాగూ దున్నేసేదే" అంటారు. తూకం ఉండదు, మడికి ఇంత అని ఒక మాట అనుకుని ఇస్తే సరిపోతుంది. పువ్వు చిన్నదే గానీ కొమ్మకి ఏడెనిమిది ఉంటాయి, గుబురుగా ఇత్తడి చెంబులో పెట్టినా చాలు, వారం పైనే ఉంటాయి. మార్కెట్టులో ఎంత డబ్బు పెట్టినా ఇది దొరకదు. మొదటి కోత బంగారం రేటుకి కొనేకన్నా చివరి కోతకి వెళ్లినవాళ్లే ఇంటి నిండా పూలు పెట్టుకుంటారు. దీనికి ఒక్కటే కావాలి, ఒక రైతు ఫోన్ నంబరు, "తోట ఎప్పుడు తీస్తున్నావన్నా" అని అడిగేంత పరిచయం.

చామంతి గురించి ఇంకో ముక్క. ఇది రాత్రులు పొడుగైతేనే మొగ్గ కట్టే మొక్క, అందుకే సహజంగా చలికాలంలో విరగపూస్తుంది. మొక్క ఎదగకముందే మొగ్గ తొడిగితే పువ్వు పెద్దది కాదు కాబట్టి నాటిన మొదటి వారాల్లో రాత్రిపూట మడి నిండా బల్బులు వెలిగించి దానికి పగలు అనిపించేలా చేస్తారు. ఆ సరిహద్దు ఊళ్ల వైపు చీకటి పడ్డాక కారులో పోతుంటే ఎకరాల కొద్దీ లైట్లు జాతరలాగా వెలుగుతుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ రోడ్డు పక్కన బండి ఆపి చీకట్లో పొలాల్లోకి దిగొద్దు, పలమనేరు, కుప్పం అడవుల నుంచి ఏనుగులు పంటల మీదకి రావడం అక్కడ మామూలే.

సరే, మార్కెట్టు వైపుకి వద్దాం. తిరుపతిలో పూలకి కొదవేముంది, గోవిందరాజస్వామి గుడి చుట్టూ తిరిగితే చాలు, మూరల్లో, దండల్లో, కుప్పల్లో పూలే పూలు. మల్లెల విషయంలో ఈ చోటుని కొట్టే తోట లేదు. గుండుమల్లి మొగ్గని ఎండ పైకి రాకముందే కోసెయ్యాలి, అది ఆ సాయంత్రం విచ్చుకుంటుంది, విచ్చుకున్న రాత్రే దాని వాసన, మర్నాటికి ఏమీ లేదు. అంటే తోటకెళ్లి మల్లెలు కోసుకోవాలంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి, చీకట్లో టార్చ్ లైటు వెలుగులో వంగి వంగి మొగ్గలు ఏరాలి, కేజీ మొగ్గలు ఏరేసరికి నడుం పడిపోతుంది. ఆ పని అలవాటైన చేతులు చేసి, తెల్లారేసరికి మన ఊరికి పంపించి, అక్క కూర్చుని మరువం కలిపి కట్టి ఇస్తుంటే మనం వెళ్లి చేసే ఘనకార్యం ఏముంది.

కనకాంబరం ఇంకా అన్యాయం. కేజీకి సుమారు 15 వేల పూలు తూగుతాయి. పదిహేను వేలు. ఒక్కో పువ్వునీ కంకి మీద నుంచి విడివిడిగా లాగాలి, గట్టిగా లాగితే చిరుగుతుంది. పండగ రోజుల్లో కేజీ వెయ్యి రూపాయలు దాటిందని గొణుక్కుంటాం గానీ ఓ గంట ఆ సాళ్లలో కూర్చుంటే ఆ రేటు తక్కువే అనిపిస్తుంది. పిల్లలకి సరదాగా చూపించడానికైతే తీసుకెళ్లండి, పువ్వుల కోసం మాత్రం కాదు.

మార్కెట్టుకి ఉన్న ఇంకో బలం రకాలు. తోటకెళితే ఆ రైతు వేసిందే ఉంటుంది, పసుపు చామంతి అంటే పసుపు చామంతే. తెల్లది కావాలంటే ఇంకో ఊరు, ఎర్ర గులాబీ కావాలంటే మరో ఊరు. మార్కెట్టులో అరగంటలో తెల్ల చామంతి, ఆరెంజ్ బంతి, లిల్లీ, కోడిజుత్తు, తులసి, దవనం అన్నీ ఒక సంచిలో పడతాయి. తోరణానికి ఒకే రంగు చాలు, కానీ దేవుడి అలంకారానికి, పెళ్లికూతురి జడకి ఒక్క రంగుతో పని జరగదు.

కాకపోతే మార్కెట్టులో కళ్లతోపాటు వేళ్లు కూడా వాడాలి. బంతిపువ్వుని తలకిందులు చేసి కింద పచ్చటి బుడిపె నొక్కి చూడండి, గట్టిగా ఉంటే కొత్తది, మెత్తగా జారితే నీళ్లు కొట్టి నిలబెట్టింది. చామంతికి వెనకాల రెక్కలు చూడాలి, ముందు వైపు ఎప్పుడూ అందంగానే ఉంటుంది. నడుమ ఇంకా పచ్చగా ముడుచుకుని ఉన్నది ఎక్కువ రోజులు వస్తుంది. గులాబీ మొగ్గని కింద భాగంలో మెల్లగా నొక్కితే రాయిలా కాకపోయినా బిగువుగా ఉండాలి. తడి కారుతున్న కుప్ప కేజీల్లో కొనకండి, ఆ నీళ్లకి కూడా మీరే డబ్బు ఇస్తున్నారు. ఇంకొకటి, పొద్దున్నే బోణీ బేరం చేసి కొనకుండా వచ్చెయ్యకండి, రేటు నచ్చకపోతే అసలు చెయ్యే పెట్టకండి.

తోట నుంచి తెచ్చిన పువ్వే గొప్పది అని వాదించేవాళ్లకి మన ఊళ్లో పెద్ద సాక్ష్యమే ఉంది. రామానుజాచార్యుల మాట మీద అనంతాళ్వార్ కొండ మీదే ఉండిపోయి తోట వేసి, చెరువు తవ్వి, రోజూ స్వామికి పూలు కట్టి సమర్పించారు. కొండ మీద పూచిన పువ్వు స్వామిదే, అందుకే ఇప్పటికీ తిరుమలలో ఆడవాళ్లు తలలో పూలు పెట్టుకోరు. కానీ అదే తిరుమలకి కార్తీకంలో పుష్పయాగం నాడు టన్నుల కొద్దీ పూలు కావాలి, అవి ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు దాతల నుంచి బండ్లలో వస్తాయి. స్వామికే రెండూ కావాల్సి వచ్చాయి, తోటా, దూరం నుంచి వచ్చే బండీ. ఇక మనమెంత.

ఈ రెండింటికీ మధ్యలో మూడోది ఒకటుంది, చాలామంది లెక్కలోకే తీసుకోరు: ఊరికి దగ్గర్లో పల్లెల్లో ఉండే చిన్న మడి. పది సెంట్లో ఇరవై సెంట్లో, కూరగాయల పక్కన రెండు సాళ్లు బంతి, బోరు దగ్గర నాలుగు మల్లె పొదలు. బోర్డు ఉండదు, వెతికితే దొరకదు, పాలు పోసే ఆయన్నో ఆకుకూరలు తెచ్చే ఆమెనో అడిగితే తెలుస్తుంది. అక్కడ రకం ఒకటే, పువ్వు కూడా కాస్త చిన్నదే, కానీ పెట్రోలు వంద రూపాయలు దాటదు, పొద్దున ఆరున్నరకి వెళ్లి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండొచ్చు. మామూలు శుక్రవారానికి, పుట్టినరోజుకి, ఇంట్లో చిన్న పూజకి నన్నడిగితే ఇదే మేలు. "పెద్దమ్మా, రేపు రెండు కేజీలు కావాల, మేమే వచ్చి కోసుకుంటాం" అంటే ఆవిడకీ కూలి మిగిలినట్టే. మార్కెట్టు రేటుకి కాస్త తక్కువ ఇవ్వండి, మండీ వాళ్లు ఇచ్చే రేటుకి కాదు. మండీలో తరుగు, కమీషన్ పోగా ఆమె చేతికొచ్చేది ఎంతో తెలిస్తే మీకే బేరం ఆడబుద్ధి కాదు.

ఏ తోటకెళ్లినా మందు కొట్టారా అని ముందు అడగండి. గులాబీకీ బంతికీ పురుగుమందు బాగానే పడుతుంది, ముందు రోజు సాయంత్రం కొట్టిన మడిలోకి పిల్లల్ని దింపి చేతులు కడగకుండా బిస్కెట్లు పెట్టకండి. ఆ రెక్కలు తీర్థంలో, పాయసం మీద చల్లడం కూడా వద్దు, అలంకారం పువ్వు అలంకారానికే. డ్రిప్ పైపుల మీద కాలు పెట్టకండి, ఫొటోల కోసం సాలు మధ్యలో కూర్చోకండి, గట్టు మీద నుంచే తీసుకోవచ్చు.

తెచ్చాక ఇంట్లో చూసుకునే తీరు మీద కూడా ఏది మేలన్నది ఆధారపడి ఉంటుంది, లేకపోతే తోటకెళ్లిన కష్టమంతా దారిలోనే పోతుంది. డిక్కీలో పెట్టొద్దు, అక్కడ ఏసీ తగలదు, పైన ఎండ కాలుస్తుంది. వెనక సీటులో తడిపి పిండిన పాత చీర పరిచి, దాని మీద పూలు పలచగా పోసి, ఇంకో తడి గుడ్డ కప్పండి, గుడ్డ తడిగా ఉండాలి, పూలు కాదు. జూన్, జులైలో తిరిగొస్తూ బంగారుపాళెం దగ్గర మామిడికాయలు చూసి మనసాగక ఒక బుట్ట కొంటాం కదా, వాటిని పూల పక్కన పెట్టకండి. పండుతున్న మామిడి, అరటి నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, మల్లె, గులాబీ దానికి త్వరగా వాడిపోతాయి. చామంతికి పెద్దగా తెలీదు. ఒకే కారులో రెండూ తేవాలంటే మామిడి డిక్కీలోకి, పూలు సీట్లోకి.

కాడపూలకి ఇంటికి రాగానే కాడ అడుగున ఒక అంగుళం ఏటవాలుగా, వీలైతే నీళ్లలో ముంచి ఉంచి కోయండి. గాలిలో కోస్తే కాడలో గాలి బుడగ చేరి నీళ్లు పైకి ఎక్కవు, తాజా గులాబీ కూడా సాయంత్రానికి మెడ వాల్చేస్తుంది. నీళ్లలో మునిగే ఆకులు తీసెయ్యాలి, కుళ్లేవి అవే. చెంచా పంచదార, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి నీళ్లు రోజూ మార్చడం చాలు, ఆస్పిరిన్లూ రాగి నాణేలూ అంటూ హైరానా పడక్కర్లేదు. జెర్బెరాకి నీళ్లు రెండు మూడు అంగుళాలే పొయ్యండి, ఎక్కువైతే దాని కాడ మెత్తబడుతుంది. బంతి కొమ్మల్ని మాత్రం వాజులో పెట్టకండి, రెండో రోజుకి ఆ నీళ్ల కంపుకి హాల్లో కూర్చోలేం. బంతి దండకి, తోరణానికి, గంగాళంలో తేలేయడానికి పుట్టిన పువ్వు. తోరణం కట్టేటప్పుడు దారం కన్నా తడి అరటినార మేలు, పువ్వుని కోయదు, మామిడాకు జారదు, ఇంట్లో నలుగురు కూర్చుని కట్టేవాళ్లు లేకపోతే అసలు కేజీల్లో తెచ్చుకోవద్దు, కట్టిన దండలే కొనుక్కోండి. తోటకెళ్లాలా వద్దా అని ఆలోచించే ముందు ఇంట్లో కట్టేదెవరు అని అడగాలి, చాలా ఇళ్లల్లో ప్లాన్ అక్కడే తేలిపోతుంది.

వాడిన పూల సంగతి కూడా చూసుకోవాలి. తిరుమలలో వాడిన పూలతో 2021 నుంచి టీటీడీ అగరుబత్తీలు చేయిస్తోంది. మన ఇంట్లో అంత ఏర్పాటు ఉండదు గానీ 30 కేజీల బంతి కాలవలో పోసే బదులు నార తీసేసి మొక్కల మొదట్లో వేసుకోవచ్చు. ఎండిన బంతి గింజలు దాచుకునేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోండి, తోటలో వేసేవి ఎక్కువగా హైబ్రిడ్ రకాలు, వాటి గింజ నుంచి వచ్చే మొక్క తల్లి అంత పువ్వు పుయ్యదు.

రేట్ల సంగతికొస్తే పండగ ముందు రోజు తోటా మార్కెట్టూ రెండూ ఒకటే, రెండు చోట్లా గుండె గుభేల్మంటుంది. బంతి నారు నాటిన రెండు నెలలకి కోతకొస్తుంది, దసరా ఆయుధపూజకి, దీపావళికి లెక్కేసుకునే రైతులు నాటుతారు. అందరూ అదే లెక్క వేసి పంట ఒక్కసారి విరుచుకుపడితే రేటు పడిపోతుంది, పండగ వెళ్లిన మర్నాడు మండీ బయట పారబోసిన బంతి కుప్పలు మీరూ చూసే ఉంటారు. ముహూర్తాల్లేని ఆషాఢంలో, మూఢంలో వెళ్లండి, రైతు తీరిగ్గా మాట్లాడతాడు, రేటు దిగి ఉంటుంది, కావాల్సినంత సేపు తోటలో తిరగొచ్చు. షికారుకీ పూలకీ రెండిటికీ ఒకే ట్రిప్పు కావాలనుకునేవాళ్లకి అదే సీజను, పెళ్లిళ్ల కాలం కాదు.

గులాబీ సంగతి మొదట్లో తేల్చకుండా వదిలేశాను. దేవుడికి, రేకులు చల్లడానికి విడి గులాబీలు కావాలంటే మార్కెట్టే, ఎలాగూ విప్పేసేదే కదా. స్టేజీకో హాల్లో వాజులకో కాడ గులాబీలు అయిదారు కట్టలకి మించి కావాలంటే పాలీహౌసు వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, రెక్క విప్పని మొగ్గలే కావాలని నొక్కి చెప్పండి, కుప్పం నుంచి మనవాళ్లెవరైనా వస్తుంటే కారులో తెప్పించుకోండి. దాని కోసమే ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

వరలక్ష్మీ వ్రతం లాంటి శుక్రవారం పండక్కి నేనైతే ఇలా చేస్తాను. బంతి, చామంతి బుధవారం సాయంత్రానికే తోట నుంచో దగ్గర మడి నుంచో తెచ్చేసి, గచ్చు మీద తడి గుడ్డపై పలచగా పరిచేస్తాను. రెండు రోజులకి చామంతికేం కాదు, బంతి ఓర్చుకుంటుంది. గురువారం రాత్రి కూర్చుని కట్టేస్తే పండగ రేటు మన మీద పడదు. అమ్మవారి జడకి కావాల్సిన మల్లెలో, సీజను అయిపోతే కాకడాలో, కనకాంబరాలతో కలిపి వీధిలోకొచ్చే పూలామెకి రెండు రోజుల ముందే చెప్పి, సగం డబ్బు చేతిలో పెట్టెయ్యాలి, శుక్రవారం పొద్దున ఆవిడ బుట్ట మన వీధి మొదట్లోనే ఖాళీ అయిపోతుంది.